తక్కువ లోతు, ఎక్కువ లెక్క: చెన్నై నుంచి పగడాల దిబ్బకు

చెన్నైలో స్కూబా డైవింగ్ ప్యాకేజీలు అమ్మేవాళ్లు సాధారణంగా ముందు చెప్పే మాట ఇది: "లోతు ఎక్కువ ఉండదండీ, పన్నెండు మీటర్లు దాటం. ఈత రాకపోయినా ఫర్వాలేదు." వినేవాళ్ల భయంలో సగం అక్కడే పోతుంది. ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్డు) ఐటీ కంపెనీల్లో పనిచేసే తెలుగు కుర్రకారు, పిల్లల సెలవులకు అండమాన్ వెళ్లి రావాలనుకునే టి.నగర్, పెరంబూరు కుటుంబాలు, నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి మీనంబాక్కంలో విమానం ఎక్కేవాళ్లు, అందరికీ ధైర్యమిచ్చేది ఆ పన్నెండు మీటర్ల అంకే. ఆ మాటలో అబద్ధం లేదు. శిక్షణ లేనివారిని గైడ్ వెంట తీసుకెళ్లే పరిచయ డైవ్‌కు అంతర్జాతీయ శిక్షణ సంస్థలు పెట్టిన హద్దు కూడా అదే. చిక్కంతా దాన్నుంచి జనం తీసుకునే అర్థంలో ఉంది. లోతు తక్కువైతే ప్రమాదమూ తక్కువేనన్న లెక్కను భౌతికశాస్త్రం ఒప్పుకోదు. ఒడ్డు దగ్గరి పగడాల దిబ్బ మీద డైవర్ శరీరానికైనా, కింద ఉన్న పగడానికైనా ఎక్కువ పరీక్ష పెట్టేది పైనున్న పది మీటర్ల నీరే.

ఆ లెక్కలోకి వెళ్లేముందు ఇంకో ప్రశ్న ఉంది. మెరీనా అంత సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుని పగడాల కోసం విమానం ఎక్కడం ఏమిటని చెన్నైకి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. జవాబు ఇసుకలో ఉంది. దిబ్బలు కట్టే పగడం తొలిదశలో కంటికి ఆనీ ఆనని డింభకంగా (లార్వాగా) నీళ్లలో తేలుతూ గట్టి ఆధారం వెతుక్కుంటుంది. రాయి దొరికితే అంటుకుంటుంది, లేకపోతే చస్తుంది. చెన్నై తీరంలో ఎక్కువగా ఉన్నది నిలకడ లేని ఇసుక. ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఆ ఇసుకను ఉత్తరానికి తోస్తాయి, ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి తెస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హార్బరు గోడలు లేచాక ఈ నడకకు అడ్డం పడి దక్షిణం వైపు ఇసుక పేరుకుపోయింది. ఇవాళ మెరీనా అంత వెడల్పుగా ఉండడానికి కారణం అదే. ఉత్తరాన రాయపురం వైపు రావలసిన ఇసుక రాక సముద్రం ఒడ్డును కోసేసింది. అక్కడ బండరాళ్లు పేర్చి ఆపుకోవలసి వచ్చింది. దీనికి తోడు అడయారు, కూవం నదులు తెచ్చే బురద, మురుగు ఉన్నాయి. వానాకాలంలో గోదావరి, కృష్ణ వంటి పెద్ద నదులు బంగాళాఖాతంలో కలిపే మంచినీరు ఉంది. ఎండ దిగే తేటనీరు, తగినంత ఉప్పదనం, కదలని అడుగు కావలసిన పగడానికి ఇక్కడ ఒక్కటీ సరిగా కుదరదు.

అలాగని చెన్నైలో డైవింగ్ లేదని కాదు. ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద స్కూబా శిక్షణ కేంద్రాలున్నాయి. పడవలో లోపలికి తీసుకెళ్లి రాతి గుట్టల దగ్గరా, చేపల కోసం ముంచిన కాంక్రీటు నిర్మాణాల దగ్గరా దింపుతారు. మత్స్యకారులకు వేట దొరకాలని ఇలాంటి కృత్రిమ దిబ్బలను తమిళనాడు తీరం పొడవునా చాలాచోట్ల వేశారు. పుదుచ్చేరి దగ్గర డైవర్ల కోసమే తయారైన టెంపుల్ రీఫ్ కూడా కృత్రిమమే. చేపలు బాగానే కనిపిస్తాయి. నీరు తేటగా ఉన్న రోజు దొరకడమే అదృష్టం.

పగడానికీ చెన్నైకీ ఉన్న పాత చుట్టరికం అసలు ఈ సముద్రానిది కానే కాదు. జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఇప్పటికీ ఉంది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఐరోపా వర్తకులు, వారిలో చాలామంది యూదులు, మధ్యధరా సముద్రపు ఎర్ర పగడాన్ని ఓడల్లో మద్రాసుకు తెచ్చి, బదులుగా గోల్కొండ వజ్రాలు కొనుక్కుపోయేవారు. కృష్ణా తీరపు గనుల్లో తవ్విన వజ్రాలు పోయి వాటి బదులు ఉంగరాల్లోకి, తాళిబొట్ల పక్కకి పగడాలు వచ్చాయన్నమాట. ఆ ఎర్ర పగడం దిబ్బలు కట్టే జాతి కాదు. దానికి ఎండతో పనిలేదు, నీడ గుహల్లోనూ లోతుల్లోనూ పెరుగుతుంది. డైవర్లు చూడబోయే దిబ్బ పగడం దీనికి పూర్తిగా భిన్నం. అది బతికేదే వెలుగు మీద.

చెన్నైకి దగ్గర్లో అసలైన పగడాల దిబ్బలు కావాలంటే రామేశ్వరం దాకా దిగాలి. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య మన్నార్ గల్ఫ్‌లో 21 చిన్న దీవుల చుట్టూ పగడాలున్నాయి. 1986లో దాన్ని సముద్ర జాతీయ పార్కుగా, 1989లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అంతకుముందు దశాబ్దాల పాటు సున్నం కోసం, కట్టడాల కోసం పగడాన్ని రాయిలాగా తవ్వుకుపోయారు. అడ్డుగా ఉన్న దిబ్బ పోవడంతో అలలు నేరుగా తాకి రెండు దీవులు నీటి కిందికి వెళ్లిపోయాయి. దిబ్బ ఒడ్డుకు గోడ అన్న సంగతి అక్కడివారికి అంత ఖరీదు పెట్టాక తెలిసింది. పార్కు లోపల అనుమతి లేకుండా దిగడం కుదరదు, అది న్యాయమే. కాబట్టి సరదాగా డైవ్ చేయాలనుకునే చెన్నైవాసికి మిగిలేది అండమాన్. రెండు గంటల పైచిలుకు విమానం, ఆ తర్వాత పడవ. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలాకాలంగా స్థిరపడి ఉన్నారు, బజారులో భాషకు ఇబ్బంది ఉండదు. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా మారిన హేవ్‌లాక్ దీవిలో కొన్నిచోట్ల దిబ్బ ఒడ్డు నుంచే మొదలవుతుంది. మోకాలి లోతులో ఫిన్లు (కాళ్లకు తొడుక్కునే ఈత రెక్కలు) తొడుక్కుని నడిచి దిగిపోవచ్చు.

మొదటి పది మీటర్లు

సముద్రమట్టం దగ్గర మన మీద ఉన్న గాలి బరువును ఒక వాతావరణ పీడనం అంటారు. ఉప్పునీటిలో పది మీటర్లు దిగితే అంతే పీడనం ఇంకొకటి తోడవుతుంది. పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు, ముప్పై దగ్గర నాలుగు. ఈ వరుసను పైపైన చూస్తే దిగినకొద్దీ కష్టం సమానంగా పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. నిష్పత్తి చూడాలి. పైనుంచి పది మీటర్లకు దిగితే పీడనం రెట్టింపవుతుంది. ఇరవై నుంచి ముప్పైకి దిగితే మూడో వంతు మాత్రమే పెరుగుతుంది. పీడనం పెరిగిన నిష్పత్తిలోనే గాలి నలిగి చిన్నదవుతుంది కాబట్టి, నీటి పైన ఆరు లీటర్లున్న గాలి పది మీటర్లలో మూడు లీటర్లు, ఇరవైలో రెండు, ముప్పైలో లీటరున్నర అవుతుంది. మొదటి పది మీటర్లలో మూడు లీటర్లు మాయమైతే, రెండో పదిలో పోయేది ఒక్క లీటరు. శరీరంలో గాలి ఉన్న ప్రతిచోటా, అంటే చెవిలో, ముక్కు చుట్టూ ఉన్న సైనస్ గదుల్లో, ఊపిరితిత్తుల్లో, వీటితోపాటు మాస్కు లోపలా, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోనూ ఇదే జరుగుతుంది.

ముందు తెలిసేది చెవి. మీటరు లోతుకే కర్ణభేరి లోపలికి నొక్కుకుపోవడం తెలుస్తుంది. ముక్కు మూసి నెమ్మదిగా ఊది కర్ణభేరి వెనుకకు గాలి పంపాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే చేయాలి, ప్రతి మీటరుకూ చేయాలి. డైవర్లకు సర్వసాధారణంగా తగిలే దెబ్బ చెవిదే. జలుబుతో చెవి గొట్టాలు మూసుకున్నవాళ్లకు ఇది సాగదు. పండగ సెలవులు వృథా అవుతాయని మాత్ర వేసుకుని దిగేవాళ్లుంటారు. మాత్ర ప్రభావం నీటి అడుగున తగ్గితే లోపలి గాలి బయటికి పోయే దారి లేక పైకి వచ్చేటప్పుడు చెవి నొప్పి మొదలవుతుంది. దిగేటప్పటి నొప్పికి వెనక్కి తిరగవచ్చు. పైకి వచ్చేటప్పటి నొప్పికి ఆ వెసులుబాటు తక్కువ, ఎందుకంటే సిలిండర్‌లో గాలి తరిగిపోతూ ఉంటుంది.

చెవి కంటే పెద్ద ప్రమాదం ఊపిరితిత్తులది. నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్ సిలిండర్ గాలిని, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడేలా అందిస్తుంది. అంటే పది మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన ఊపిరిలో, నీటి పైన పీల్చినదానికి రెండింతల గాలి ఉంటుంది. ఆ ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది, ఛాతీలో అంత చోటు ఉండదు. ఊపిరితిత్తుల గోడ చిరిగితే గాలి బుడగ రక్తంలోకి వెళ్లి మెదడుకు చేరే అవకాశం ఉంది. నిండు ఊపిరి బిగబట్టి పైకి రావడం సుమారు 1.2 మీటర్ల లోతు నుంచి కూడా ప్రమాదకరమేనని డైవింగ్ వైద్యం చెబుతుంది. అది మామూలు ఈతకొలను లోతు. కాబట్టి స్కూబాలో మొదటి పాఠం ఒకే వాక్యం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. చెరువుల్లో, కాలువల్లో ఈత నేర్చినవాళ్లకు ఇది మరీ కష్టం. నీట మునిగితే ఊపిరి బిగబట్టాలని చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు వాళ్లది. ఆ అలవాటును ఇక్కడ వదిలించుకోవాలి. ఈత రానివాళ్లు, వచ్చినవాళ్లు ఈ ఒక్క విషయంలో ఒకే తరగతిలో కూర్చుంటారు.

తక్కువ లోతు వల్ల నిజంగా కలిసొచ్చేవి రెండు: గాలి, నైట్రోజన్. మామూలు అల్యూమినియం సిలిండర్‌లో 200 బార్, అంటే దాదాపు 200 వాతావరణ పీడనాల దగ్గర సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. కొత్తవాళ్లు నీటి పైన నిమిషానికి 20 లీటర్లు వాడతారనుకుంటే, పది మీటర్లలో 40 లీటర్లు ఖర్చవుతాయి, ఇరవైలో 60. చివరి 50 బార్ ముట్టకూడదని నియమం కాబట్టి వాడుకోదగ్గవి 1,650 లీటర్లే. పది మీటర్లలో అది 41 నిమిషాలకు వస్తుంది, ఇరవైలో 27 నిమిషాలకు, ఐదు మీటర్ల దిబ్బ మీద 55 నిమిషాలకు. ఇక నైట్రోజన్. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, ఎక్కువసేపు ఉండి ఒక్కసారిగా పైకి వస్తే బుడగలు కడుతుంది. శిక్షణలో ఎక్కువగా వాడే పట్టికల ప్రకారం పది మీటర్ల దగ్గర ఆగకుండా పైకి రాగలిగే హద్దు 219 నిమిషాలు, 18 మీటర్లకు 56 నిమిషాలు. సిలిండర్ ఎప్పుడో అయిపోతుంది. కాబట్టి రక్తంలో నైట్రోజన్ బుడగల జబ్బు గురించి చదివి బెంబేలెత్తేవాళ్లు, తక్కువ లోతులో భయపడవలసింది దానికన్నా ముందు ఊపిరి బిగబట్టడానికి.

డైవ్ చివర్లో తేలికయ్యే సిలిండర్

డైవింగ్ కొత్తలో ఎవరూ ఊహించని ఇబ్బంది ఒకటుంది. సిలిండర్‌లో గాలికి బరువు ఉంటుంది. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు, 2,200 లీటర్లకు రెండున్నర కిలోల పైమాట. డైవ్ ముగిసేసరికి అందులో దాదాపు రెండు కిలోలు ఖర్చయిపోతాయి. మునగడానికి నడుముకు కట్టుకునే వెయిట్ బెల్ట్ దిగేటప్పుడు సరిగ్గా కుదిరినా చివర్లో చాలదు. సరిగ్గా అదే సమయానికి డైవర్ ఎక్కడ ఉంటాడు? పైకి వచ్చే దారిలో, ఐదు మీటర్ల దగ్గర, ఒంట్లోని నైట్రోజన్ కొంత పోవడానికి మూడు నిమిషాలు ఆగవలసిన చోట. గాలి అతివేగంగా ఉబ్బే పొర కూడా అదే. జాకెట్‌లో మిగిలిన కొద్ది గాలి మీటరు పైకి రాగానే ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ పైకి లాగుతుంది, పైకి పోయినకొద్దీ ఇంకా ఉబ్బుతుంది. ముందుగా గాలి వదలడం తెలియనివాడు బెండులా నీటి పైకి తన్నుకొస్తాడు. ఇరవై మీటర్లలో నిలకడగా ఉన్న మనిషి ఐదు మీటర్లలో గింగిరాలు తిరగడం డైవింగ్ మాస్టర్లకు రోజూ కనిపించే దృశ్యం. కొత్తవాళ్లకు లోతు కాకుండా నిలకడ నేర్పాలని వాళ్లు అనేది ఇందుకే.

నీటిలో ఊపిరి కూడా ఒక మీట. లీటరు గాలి ఎక్కువ పీలిస్తే ఒక కిలో మేర తేలిక అవుతాం, వదిలితే దిగుతాం. చేతులు ఆడించకుండా ఊపిరితోనే అరమీటరు పైకీ కిందికీ కదలగలిగినవాడు దిబ్బ మీదికి వెళ్లడానికి తయారైనట్టు. చేతులతో ఈదేవాడు ఇంకా కాలేదు.

దీని మీద అలల ఊపు. పైన అల వెళుతున్నప్పుడు కింద నీరు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. లోతు పెరిగినకొద్దీ ఆ ఊపు సన్నగిల్లుతుంది. మూడు నాలుగు మీటర్ల దిబ్బ మీద మాత్రం ఊపు పూర్తిగా తెలుస్తుంది. దానికి ఎదురీదితే అలసట, సిలిండర్ ఖాళీ. ఊపుతోపాటు సాగి, అది ఆగినప్పుడు ముందుకు కదలడమే పద్ధతి. పోటు నిండిన వేళ నీరు తేటగా, ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది. పాటు వేళ దిబ్బ మీద మిగిలేది కొద్దిపాటి నీరే, ఫిన్లు పగడానికి తగలకుండా ఈదడం అప్పుడు అనుభవమున్నవారికే కష్టం.

వెలుగున్న చోటే రంగు, అక్కడే వేడి

ఇంత ఇబ్బంది ఉన్నా తక్కువ లోతు దిబ్బనే ఎందుకు చూడాలంటే, రంగులన్నీ అక్కడే ఉన్నాయి. నీరు ముందు మింగేది ఎర్రటి వెలుగును. ఐదు మీటర్లు దాటేసరికే ఎరుపు మసకబారుతుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు. ఇరవై మీటర్లలో దీపం లేకుండా చూస్తే దిబ్బ నీలి బూడిద రంగులో ఉంటుంది. ఆరేడు మీటర్లలో, మబ్బులేని ఉదయం పూట, ఫోటోల్లో చూసే రంగులు చాలావరకు కంటికే కనిపిస్తాయి. మాస్కు వెనుక నుంచి వస్తువులు మూడో వంతు పెద్దవిగా, ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తాయని గుర్తుంచుకోవాలి. చేప చూసొచ్చి "ఇంత ఉంది" అని చేతులు చాపేవాళ్లు అబద్ధమాడుతున్నారని అనుకోనక్కర్లేదు.

కొత్తవాళ్లు దిబ్బ మీద చుట్టూ తిరిగి అంతా చూడాలని ఆరాటపడతారు. ఒకేచోట ఆగితే ఎక్కువ కనిపిస్తుంది. పోరైటిస్ అనే గుండ్రని పగడం తీసుకుందాం. దూరానికి గోధుమ రంగు బండరాయి. దగ్గరికి వెళితే దాని మీద మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర గుంటలు పక్కపక్కనే వేలకొద్దీ ఉంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో ప్రాణి, దాన్ని పాలిప్ అంటారు. ఆ బండలోనే గొట్టాలు చేసుకుని క్రిస్మస్ ట్రీ వర్మ్ అనే పురుగులు కాపురముంటాయి. నీలం, పసుపు, నారింజ రంగుల్లో జంటగా మెలితిరిగిన చిన్న కుచ్చులు బయటికి పెట్టుకుని నీటిలో ఆహారం పట్టుకుంటాయి. చేతి నీడ పడితే చాలు, రెప్పపాటులో కుచ్చు లోపలికి పోయి గొట్టం మూత పడుతుంది. కదలకుండా కాసేపు నిలబడితే ముందు మూత జరుగుతుంది, తర్వాత ఒక కొస, చివరికి కుచ్చు పూర్తిగా విచ్చుకుంటుంది. ఆ కాసేపు కదలకుండా ఉండగలిగితే డైవర్ నిలకడ కుదిరిందని అర్థం. పక్కనే ప్యారట్ ఫిష్ పగడాన్ని ముక్కుతో గీరి తింటుంటే ఆ చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఎటునుంచి వస్తోందో మాత్రం తెలియదు. నీటిలో ధ్వని గాలిలోకన్నా నాలుగు రెట్లు వేగంగా పోతుంది, రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరుతుంది. తిన్న సున్నపురాయిని ఆ చేప నలిపి ఇసుకగా విసర్జిస్తుంది. పగడపు దీవుల బీచ్‌ల మీద తెల్లటి ఇసుకలో దీని వాటా తక్కువేమీ కాదు.

పోరైటిస్ ఏడాదికి పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు. మీటరు ఎత్తు బండ కనిపిస్తే దాని వయసు నూరేళ్ల దరిదాపు. కొమ్మలు వేసే ఆక్రోపోరా జాతులు ఏడాదికి పది సెంటీమీటర్లు, కొన్ని అంతకుమించి పెరుగుతాయి. ఆ వేగానికి తగ్గట్టే పెళుసు, ఫిన్ తగిలితే విరిగిపోతాయి.

ఈ సున్నపు కట్టడానికి కావలసిన శక్తి ఎండ నుంచే వస్తుంది. పాలిప్ ఒంటిలో సూక్ష్మమైన శైవలాలు, అంటే నాచులాంటి జీవులు ఉంటాయి. అవి వెలుగుతో ఆహారం తయారుచేసి, పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అందిస్తాయి. అద్దెకు దిగినవాడే ఇంటివాడికి వండిపెట్టే ఏర్పాటు. పగడానికి రంగు తెచ్చేది కూడా చాలావరకు అవే. నీరు మామూలు వేసవి గరిష్ఠంకన్నా ఒక డిగ్రీ పెరిగి నాలుగు వారాలు అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది. వేడి, వెలుగు రెండూ ఎక్కువైనప్పుడు శైవలాల్లో కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పి హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. పాలిప్ ఆ శైవలాలను బయటికి గెంటేస్తుంది. పారదర్శకమైన కణజాలం కింద తెల్లని సున్నం కనిపిస్తుంది. పగడాలు తెల్లబారడమంటే ఇదే. అప్పటికి పగడం చచ్చిపోలేదు, పస్తులుంది. వేడి త్వరగా తగ్గితే శైవలాలు తిరిగి చేరతాయి, తగ్గకపోతే చస్తుంది. లోతు తక్కువైన దిబ్బకు వేడితోపాటు వెలుగు దెబ్బ కూడా నేరుగా తగులుతుంది కాబట్టి ముందు దెబ్బతినేది ఎక్కువగా అదే.

1998, 2010, 2016 సంవత్సరాల్లో భారత తీరాల్లోని పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగో విడత మొదలైందని 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర, వాతావరణ పరిశోధన సంస్థ నోవా ప్రకటించింది. మన దగ్గర హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఉపగ్రహాలు కొలిచే నీటి ఉష్ణోగ్రతల ఆధారంగా అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ గల్ఫ్, కచ్ ప్రాంతాలకు తెల్లబారే ముప్పు హెచ్చరికలు ఇస్తుంది. అలల ఎత్తు, ఉప్పెన సూచనలు కూడా అక్కడినుంచే వస్తాయి. మత్స్యకారులకు ఈ సంస్థ సుపరిచితం. డైవింగ్‌కు డబ్బు కట్టేవాళ్లలో దీని సూచనలు తెరిచి చూసేవాళ్లు అరుదు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన పొంతన ఉంది. అండమాన్ సముద్రంలో నీరు అతిగా వేడెక్కేది నైరుతి రుతుపవనాలు రాకముందు, ఏప్రిల్, మే నెలల్లో. తెలుగు రాష్ట్రాల్లోనూ తమిళనాడులోనూ బడి సెలవులు అప్పుడే. పగడం పస్తులుండే అవకాశం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే దాని మీద ఫిన్ల తాకిడీ ఎక్కువ. ఆ సమయంలో కొత్తవాళ్ల కాళ్లు రేపే ఇసుక పగడం మీద పడితే, దాన్ని కడుక్కోవడానికి పాలిప్ జిగురు స్రవించాలి, దానికీ శక్తి ఖర్చే. ఎంచుకునే వీలున్నవాళ్లకు సంక్రాంతి సెలవులు మేలు.

పగడాన్ని ముట్టుకోకూడదని ప్రతి గైడూ చెబుతాడు. అదే గైడు ఫోటో కోసం ఈత రాని అతిథిని దిబ్బ అంచున కూర్చోబెట్టడం కూడా కనిపిస్తుంది. ఫోటో, వీడియో ప్యాకేజీలో భాగమైనప్పుడు ఆ ఒత్తిడి తప్పదు. తప్పంతా గైడు మీద తోయడం సులువే కానీ, బొటనవేలు పైకెత్తి పగడం పక్కన నిలబడిన బొమ్మ అడిగేది అతిథే. (నీటి కింద ఆ సైగకు అర్థం "పైకి వెళదాం" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.) ముట్టుకుంటే మనిషికీ నష్టమే. ఫైర్ కోరల్ తగిలితే చర్మం మండి దద్దుర్లు తేలతాయి, స్టోన్ ఫిష్ రాయిలాగే పడి ఉంటుంది, దాని ముళ్లలో విషం తీవ్రమైనది. విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్కను జ్ఞాపకంగా సంచిలో వేసుకోవడం ఇంకో పొరపాటు. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ షెడ్యూలు కింద నేరానికి శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. తెలియదన్న మాట విమానాశ్రయంలో చెల్లదు.

ఎండకు పూసుకునే క్రీముల్లో ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్నవాటిని, పగడానికి హాని చేస్తుందన్న కారణంతో, పసిఫిక్ ద్వీపదేశం పలావు 2020లో, హవాయి 2021లో నిషేధించాయి. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే క్రీము గొడవే ఉండదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

"ఈత రాకపోయినా ఫర్వాలేదు" అన్న మాటకు మళ్లీ రావాలి. పరిచయ డైవ్‌కు అది నిజమే, గైడ్ వెనుక సిలిండర్ పట్టుకుని తిప్పుతాడు. సర్టిఫికెట్ కోర్సుకు మాత్రం 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు ఏ ఆసరా లేకుండా తేలాలి. ఈ తేడా దేనికో ఆలోచిస్తే విషయం బోధపడుతుంది. ఈత రానివాడు నీటి పైన మాస్కులోకి నీళ్లు రాగానే కంగారుపడతాడు. కింద అదే కంగారు ఊపిరి బిగబట్టిస్తుంది, పైకి ఉరికిస్తుంది. పై పది మీటర్లలో ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో పైన చెప్పిందే. పట్టుకుని తిప్పే గైడ్ మంచివాడైతే అన్నీ సవ్యంగానే జరుగుతాయి. కానీ అతిథి చూసేది దిబ్బను కాదు, తన భయాన్ని.

చెన్నైలో ఉన్నవాళ్లకు దీనికి తేలికైన దారి ఉంది. పుస్తకపాఠాలు, ఈతకొలను శిక్షణ నగరంలోనే పూర్తిచేసుకుని, సముద్రపు డైవ్‌లు మాత్రమే అండమాన్‌లో చేయడాన్ని శిక్షణ సంస్థలు అనుమతిస్తాయి. ఆ మేరకు రాసిచ్చిన పత్రం అక్కడ చెల్లుతుంది. మాస్కులో నీళ్లు నింపుకుని ముక్కుతో ఊది ఖాళీ చేయడం, నోట్లోంచి జారిన రెగ్యులేటర్‌ను వెతికి తిరిగి పెట్టుకోవడం, ఊపిరితో తేలడం, ఇవన్నీ కొలనులో నేర్చుకున్నా ఒకటే. దీవిలో గడిపే రోజులు ఖరీదైనవి, వాటిని కొలనులో గడపడం తెలివైన పని కాదు. పరిచయ డైవ్‌తోనే సరిపెట్టుకోవాలనుకునేవాళ్లు కూడా నగరంలో ఒక పూట కొలనులో సిలిండర్ తగిలించుకుని చూడటం మంచిది. చెవులు సర్దుకుంటున్నాయో లేదో, మాస్కు ఊపిరాడనట్టు అనిపిస్తుందో లేదో అక్కడే తేలిపోతుంది. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉన్నవాళ్లు దిగేముందు డాక్టరును అడగాలి. ఆరోగ్య పత్రంలో అన్నిటికీ "లేదు" అని గీసేసి సంతకం పెట్టడం మన దగ్గర చాలామంది చేసే పని. ఆ కాగితం డైవింగ్ కేంద్రాన్ని కేసు నుంచి కాపాడుతుందేమో గానీ ఊపిరితిత్తులను కాపాడదు.

చివరిది విమానం. తక్కువ లోతు డైవ్‌లో నైట్రోజన్ తక్కువే చేరుతుంది కానీ, చేరినది వెంటనే పోదు. విమానం లోపలి పీడనం 1,800 నుంచి 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతకు తగ్గుతుంది, కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలు కట్టడానికి అది అనువైన పరిస్థితి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే లేదా వరుస రోజుల్లో చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కవద్దని డైవర్ల భద్రత చూసే సంస్థ డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సిఫార్సు. మూడు రోజుల చెన్నై ప్యాకేజీల్లో నలిగిపోయేది ఈ విరామమే. సోమవారం ఉదయానికి ఓఎంఆర్‌లో హాజరు వేయించుకోవలసినవాళ్లకు ఆదివారం ఉదయం డైవ్, మధ్యాహ్నం విమానం అని కార్యక్రమంలో రాసి ఉంటే, డబ్బు కట్టకముందే ఆ డైవ్‌ను శనివారానికి జరపమని అడగాలి. సెల్యులార్ జైలు చూడటాన్ని ఆదివారానికి పెట్టుకోవచ్చు.